మూడొందల మంది కూడా లేని ఊరు ఇంత పెద్ద చర్చినీ, బంగారు విగ్రహాన్నీ ఎలా నిలుపుకుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఫ్రాన్స్‌లో కోంక్ అనే కొండపల్లె వీడియో ఒకటి చూశారు. అసలు ఊళ్ళో మూడొందల మంది కూడా ఉండరు, కానీ తొమ్మిది వందల ఏళ్ళు దాటిన పెద్ద చర్చి, దాని పక్కన గదిలో ఇంకా పాతదైన బంగారు విగ్రహం ఉన్నాయి. అంత చిన్న ఊరు ఆ ఖర్చు ఎలా భరిస్తోంది, అంత విలువైన సొత్తు పారిస్ మ్యూజియంలో ఎందుకు లేదు అని అడిగారు. చివర్లో "వాళ్ళ ప్రభుత్వం దగ్గర డబ్బుంది, అంతేగా?" అని కూడా అన్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. డబ్బు ఒక కారణమే, కానీ దానికంటే ముందు చెప్పాల్సింది ఆ చర్చి ఎవరిదో కచ్చితంగా తెలియడం. అది ఊరిది. పారిస్‌ది కాదు, మతసంస్థది కూడా కాదు. ఊరిది కాబట్టి వాన కారితే ముందు ఫోన్ వెళ్ళేది మేయర్‌కి. ఖర్చులో ప్రభుత్వం పెద్ద వాటానే ఇస్తుంది, కానీ అడగాల్సింది, దరఖాస్తు పెట్టాల్సింది, తన వాటా తెచ్చుకోవాల్సింది ఊరే. ఇక బంగారు విగ్రహం అక్కడే ఉండిపోవడానికి కారణం, రెండొందల ఏళ్ళ క్రితం ఆ ఊరివాళ్ళు చూపించిన తెగువ. దాని గురించి కింద చెప్తాను.

నా గురించి రెండు ముక్కలు. పుట్టింది తెనాలిలో, పదమూడేళ్ళుగా ఉంటున్నది దక్షిణ ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో. పాత రాతి కట్టడాల మరమ్మతులు చూసే చిన్న ఆర్కిటెక్టుల ఆఫీసులో పనిచేస్తాను. కోంక్ చర్చి పని నేను చేయలేదు, ఆ స్థాయి కట్టడాలకు ప్రత్యేక అర్హత ఉన్నవాళ్ళు వేరే ఉంటారు. నా పనంతా ఆ చుట్టుపక్కల, వందా రెండొందల మంది ఉండే ఊళ్ళలో. కోంక్‌కి మాత్రం పనున్నా లేకపోయినా వెళ్తూనే ఉంటాను.

ఫ్రాన్స్‌లో కమ్యూన్ అంటే మన పంచాయతీకి దగ్గరగా ఉండే వ్యవస్థ. 1789 విప్లవం తర్వాత ఏర్పడింది. ఇప్పటికీ దాదాపు 35,000 కమ్యూన్లు ఉన్నాయి, వాటిలో చాలావాటి జనాభా ఐదొందలు కూడా దాటదు. ఎంత చిన్నదైనా ఎన్నికైన మేయర్ ఉంటాడు, సభ్యులుంటారు, సొంత బడ్జెట్ ఉంటుంది. 1905లో ప్రభుత్వాన్నీ మతాన్నీ విడదీస్తూ చట్టం వచ్చినప్పుడు, అప్పటికే ఉన్న ఊరి చర్చిలు కమ్యూన్ల ఆస్తిగా ఉండిపోయాయి. కెథెడ్రల్స్ అనే బిషప్‌ల పెద్ద చర్చిలు చాలావరకు ప్రభుత్వానివి. లోపల పూజ జరుపుకునే హక్కు మాత్రం క్యాథలిక్ మతానిదే, అద్దె లేకుండా. అంటే గోడలు, కప్పు పంచాయతీవి, ప్రార్థన ఫాదర్‌ది. గంటల గోపురానికి మాత్రం రెండు తాళంచెవులు, ఒకటి ఫాదర్ దగ్గర, ఒకటి మేయర్ దగ్గర. అగ్నిప్రమాదమో వరదో వస్తే గంట కొట్టించే హక్కు మేయర్‌కి ఉండాలి కదా.

కొత్త ఊరికి పనిమీద వెళ్తే నేను అడిగే మొదటి ప్రశ్న కూడా అదే: తాళం ఎవరి దగ్గరుంది? తలుపు మీద చీటీ కనిపిస్తుంది, "తాళంచెవి ఎదురింట్లో అడగండి" అని. ఎదురింట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. చేతిలో జానెడు పొడవు ఇనప తాళంచెవి పెట్టి, "ఎడమ పక్క కిటికీ కింద తడి వస్తోంది, చూసి చెప్పు" అంటుంది. అలాంటి ఇల్లు ఒకటి ఉందంటే ఆ చర్చికి పెద్ద రిపేరు రాదని నాకు సగం ధైర్యం వచ్చేస్తుంది. తాళం ఎక్కడుందో ఎవరికీ తెలియని ఊళ్ళకీ వెళ్ళాను. అక్కడ తలుపు తీయగానే పావురాల కంపు.

ఇక డబ్బు. 1913 చట్టం ప్రకారం చారిత్రక కట్టడాలకు రెండు స్థాయిల రక్షణ ఉంది. పై స్థాయిలో ఉన్నవాటికి మరమ్మతుల్లో ప్రభుత్వం గణనీయమైన వాటా ఇస్తుంది, ఒక్కోసారి సగం దాకా. దానిమీద రీజియన్ (మన రాష్ట్రం లాంటిది) కొంత, జిల్లా కొంత. అయితే పని చేయించే కమ్యూన్ కనీసం 20 శాతం తన జేబులోంచి పెట్టుకోవాలన్నది సాధారణ నియమం. వారసత్వ కట్టడాలకు అందులో సడలింపు దొరకొచ్చు. చెప్పుకోడానికి 20 శాతమే. ఆ ఊరి బడ్జెట్ చూస్తే కళ్ళు తిరుగుతాయి.

నేను చేసిన పని ఒకటి చెప్తాను, ఊరి పేరు వద్దు. జనాభా నూట నలభై. మేయర్ ఆవుల్ని పెంచే రైతు, మీటింగ్‌కి రబ్బరు బూట్లతోనే వచ్చేవాడు. ఊరి చివర చాపెల్ అనే చిన్న ప్రార్థనా మందిరం, కప్పు కారుతోంది. ఖర్చు లక్ష యూరోలు దాటింది. ఊరి వాటా ఇరవై వేలపైన. మీటింగ్‌లో ఒకాయన "స్కూల్ బస్సు తిరిగే రోడ్డు గుంతలు పడి ఉంది, దీనికి ఇంత అవసరమా?" అని లేచాడు. న్యాయమైన ప్రశ్నే. రెండు గంటలు వాదించుకున్నారు. చివరికి కమ్యూన్ అడవిలో కొన్ని చెట్లు అమ్మారు. ఊరి చర్చి పండగకి పెద్ద భోజనం పెట్టి టికెట్లు అమ్మారు. బంగాళదుంపల్ని చీజ్‌తో సాగేలా కలిపి చేసే అలిగో అక్కడి ప్రత్యేకం, నేను కూడా గరిటె పట్టుకుని వడ్డించాను. మిగిలింది ఫొందాసియోన్ ద్యు పాత్రిమ్వాన్ అనే వారసత్వ సంస్థ ద్వారా విరాళాలు. 1996లో మొదలైన ఈ సంస్థ చిన్న ఊళ్ళకు పెద్ద అండ. దాని ద్వారా ఇచ్చిన విరాళంలో 66 శాతం దాకా ఆదాయపు పన్నులో తగ్గుతుంది కాబట్టి, ఊరొదిలి వెళ్ళిపోయినవాళ్ళు కూడా పంపుతారు. 2018 నుంచి వారసత్వ లాటరీ కూడా నడుస్తోంది. గీకే టికెట్ కొంటే అందులో కొంత పాత కట్టడాలకు పోతుంది.

ఆ పనిలో నా తప్పు కూడా ఒకటుంది. పైకప్పు విప్పడానికి జూన్‌లో మనుషుల్ని పెట్టేశాను. మొదటి రోజే అటకమీద గబ్బిలాలు బయటపడ్డాయి, పిల్లలతో సహా. అక్కడ గబ్బిలాలు రక్షిత జీవులు, పిల్లలు ఎగిరే దాకా కదపకూడదు. పని అక్టోబర్‌కి పోయింది. ఆ వేసవంతా టార్పాలిన్ కట్టి ఉంచినందుకు అదనపు బిల్లు. మేయర్ ఏమీ అనలేదు, కానీ ఆ తర్వాత ఎప్పుడు కలిసినా "గబ్బిలాలు బాగున్నాయా?" అని అడుగుతాడు.

సరే, కోంక్‌కి వద్దాం. లోయ గవ్వ ఆకారంలో ఉంటుందని లాటిన్‌లో గవ్వకున్న మాట నుంచి ఆ పేరు వచ్చిందంటారు. ఫ్రాన్స్‌లోని లె ప్వి నుంచి స్పెయిన్‌లోని కంపోస్టెలాకి నడిచి వెళ్ళే యాత్రికుల దారిలో ఉంది. అక్కడి దేవత (నేను అలాగే అంటాను, క్యాథలిక్ మిత్రులు మందలిస్తారు) సాంత్ ఫ్వా అనే బాలిక. నాలుగో శతాబ్దం మొదట్లో అజెన్ పట్నంలో, విశ్వాసం వదలనన్నందుకు చంపేశారని కథ. ఆమె ఎముకలు కోంక్‌కి ఎలా వచ్చాయి? దొంగతనం! తొమ్మిదో శతాబ్దంలో కోంక్ మఠం నుంచి ఒక సన్యాసి అజెన్ వెళ్ళి, అక్కడి వాళ్ళలో కలిసిపోయి, పదేళ్ళ పాటు నమ్మకం సంపాదించి, చివరికి సమాధికి కాపలాదారు అయ్యాడట. ఒక రాత్రి ఎముకలు మూటగట్టుకుని వచ్చేశాడు. మఠం దీన్ని దాచుకోలేదు, ఆమె ఇష్టపడే వచ్చిందని చెప్పుకుంది. మళ్ళీ తాళం సంగతే చూడండి.

మీరు చూసిన బంగారు విగ్రహం ఈ సాంత్ ఫ్వాదే, ఎత్తు 85 సెంటీమీటర్లు. లోపల కొయ్య, పైన బంగారు రేకు, సింహాసనం మీద కూర్చున్న భంగిమ. తల మాత్రం ఇంకా పాతది, రోమన్ కాలం చివర్లో వేరే ఎవరికోసమో చేసినది. అందుకే ఆ ముఖంలో పన్నెండేళ్ళ పిల్ల కనపడదు, కళ్ళు విప్పార్చి చూసే చక్రవర్తి కనపడతాడు. ఒళ్ళంతా రాళ్ళు, చెక్కిన పాత రోమన్ మణులు. అవన్నీ శతాబ్దాల పాటు భక్తులు మొక్కి ఇచ్చిన ముడుపులు. మన ఉత్సవ విగ్రహం లాగే దీన్నీ ఊరేగించేవాళ్ళు. పదకొండో శతాబ్దం మొదట్లో ఆంజె నుంచి వచ్చిన బెర్నార్డ్ అనే పండితుడు, ఇదేమిటి పాత రోమన్ దేవుళ్ళ విగ్రహంలా ఉందని ముందు వెక్కిరించాడు. తర్వాత మనసు మార్చుకుని ఆమె మహిమల మీద పుస్తకమే రాశాడు.

మ్యూజియంకి ఎందుకు పోలేదంటే: విప్లవ కాలంలో చర్చి బంగారం, వెండి ప్రభుత్వం కరిగించేస్తోంది. ఫ్రాన్స్‌లో ఎన్నో నిధులు అలా నాణేలైపోయాయి. కోంక్ వాళ్ళు ముందే పసిగట్టి, వస్తువులు తలా ఒకటి పట్టుకుపోయి ఇళ్ళల్లో, తోటల్లో, చెస్ట్‌నట్ కాయలు ఆరబెట్టే గుడిసెల్లో దాచేశారని ఊళ్ళో చెప్తారు. గండం గడిచాక తిరిగి తెచ్చి ఇచ్చారు. నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసేది దాచడం కాదు, తిరిగి ఇవ్వడం. అది పేద ఊరు. ఒక్క రాయి పీకి అమ్ముకున్నా ఏళ్ళు బతకొచ్చు. ఈ కథ వల్లే, విగ్రహాన్ని పారిస్‌లో పెడదామని ఎవరైనా అంటే ఆ ఊరు ఒప్పుకోదు. పైగా చట్టం కూడా వాళ్ళ వైపే, రక్షిత వస్తువుల జాబితాలో ఉన్నదాన్ని అనుమతి లేకుండా కదపడం కుదరదు. ఇప్పుడు చర్చి పక్కనే అద్దాల వెనక ఉంది. పారిస్‌లో ఉంటే వెయ్యి వస్తువుల్లో ఒకటయ్యేది.

అయితే ఊరివాళ్ళని మరీ ఎత్తేయకూడదు. ఆ నిధిని కాపాడిన ఊరే, కొన్నేళ్ళ తర్వాత మఠం వసారాని రాళ్ళ గనిలా వాడుకుంది. సన్యాసులు పోయాక ఆ స్తంభాల వరసలు కూలిపోతుంటే, రాళ్ళు ఇళ్ళకీ గోడలకీ వెళ్ళిపోయాయి. ఇప్పుడు కొన్ని తోరణాలు, మధ్యలో ఉండే రాతి తొట్టె మిగిలాయి. చర్చి కూడా పడిపోయే స్థితికి వచ్చింది. 1837లో చారిత్రక కట్టడాల ఇన్స్‌పెక్టర్ ప్రోస్పెర్ మెరిమే తనిఖీకి వచ్చి, ఈ మారుమూల ఇంత సంపదా అని ఆశ్చర్యపోయి, గట్టిగా రిపోర్టు రాశాడు. 1840లో తయారైన మొట్టమొదటి రక్షిత కట్టడాల జాబితాలో కోంక్ చేరింది. కాబట్టి ఊరి ప్రేమ ఒక్కటే సరిపోలేదు, బయటినుంచి వచ్చిన ఒక సర్కారు ఉద్యోగి కూడా కావలసి వచ్చాడు. 1873లో కొత్తగా వేరే శాఖ సన్యాసులు వచ్చి మఠం తెరిచారు, ఇప్పటికీ ఉన్నారు. సాయంత్రం ప్రార్థన తర్వాత యాత్రికులను ఆశీర్వదించి పంపేది వాళ్ళే.

వెళ్తే పడమటి ద్వారం పైన ఉన్న శిల్పం ముందు తీరిగ్గా నిలబడండి. చివరి తీర్పు దృశ్యం, 124 బొమ్మలు, పన్నెండో శతాబ్దం మొదట్లోవి. స్వర్గం వైపు అందరూ బుద్ధిగా వరసలో ఉంటారు, కాస్త బోరు. నరకం వైపే అసలు సందడి. మెడలో డబ్బు సంచితో ఉరి వేళ్ళాడుతున్న పిసినారి, గుర్రం మీంచి తలకిందులుగా పడుతున్న యోధుడు. దొంగతనంగా వేటాడినవాణ్ణి ఊచకు గుచ్చి కాలుస్తున్నది కుందేలు! అంచు చుట్టూ రాతి పట్టీ వెనకనుంచి చిన్న చిన్న తలలు తొంగి చూస్తుంటాయి, గోడమీంచి పక్కింటి గొడవ చూసే పిల్లల్లా. నీలం, ఎరుపు రంగుల ఆనవాళ్ళు ఇంకా కనపడతాయి. నా వృత్తి ప్రకారం దానికి కారణం చాలా మామూలుది: ఆ శిల్పం లోతైన తోరణం కింద ఉంది, వాన నేరుగా తగలదు. పాత కట్టడానికి మొదటి శత్రువు నీళ్ళు, రెండోది సిమెంటు. సున్నంతో కట్టిన గోడ కీళ్ళల్లో సిమెంటు నింపితే లోపలి తడి బయటికి రాలేక రాయిలోంచి దారి వెతుక్కుంటుంది. పదేళ్ళకి రాయి అప్పడంలా పొరలు పొరలుగా ఊడుతుంది. నా ఉద్యోగంలో సగం, యాభై ఏళ్ళ క్రితం ఎవరో మంచి మనసుతో పూసిన సిమెంటుని ఉలితో తీయించడమే.

ఊరు, నిపుణులు ఎప్పుడూ ఒకే మాట మీద ఉండరు. కోంక్‌లో పెద్ద గొడవ కిటికీల దగ్గర వచ్చింది. 1950ల నాటి రంగుల బొమ్మల అద్దాలు తీసేసి, ప్రభుత్వం పియెర్ సులాజ్‌కి పని అప్పగించింది. ఆయన పక్కనే ఉన్న రొదెజ్‌లో 1919లో పుట్టాడు, నలుపు రంగు చిత్రాలకు ప్రపంచ ప్రసిద్ధి. కుర్రాడిగా ఈ చర్చిలో నిలబడినప్పుడే తన జీవితం కళకే అనుకున్నానని చెప్పేవాడు. 1987 నుంచి 1994 దాకా, 104 కిటికీలు, టులూజ్ గాజు కళాకారుడు జాన్-దొమినిక్ ఫ్లెరీతో కలిసి. బొమ్మ లేదు, రంగు లేదు. వందల ప్రయోగాలు చేసి, వెలుగుని లోపలికి వదులుతూనే బయటిది కనపడనివ్వని తెల్లటి గాజు తయారు చేయించాడు, మీద వంపు తిరిగిన నల్ల గీతలు. ఊరివాళ్ళకు కోపం వచ్చింది. బాత్రూమ్ అద్దాల్లా ఉన్నాయని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు, ఒక కేఫేలో నా చెవులతో విన్నాను. నాకూ మొదటిసారి ఏమీ అనిపించలేదు. ఒకసారి మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా లోపలే కూర్చున్నాను. ఆ గాజు లేత నీలం నుంచి నారింజకి, తర్వాత బూడిద రంగుకి మారుతూ పోయింది. అప్పట్నుంచి నేను సులాజ్ పార్టీ.

ఇక మీరు అడగని విషయం, కానీ చెప్పకపోతే సగం జవాబే. ఇలాంటి ఊళ్ళో బతకడం కొంచెం టెన్షన్. రక్షిత కట్టడం చుట్టూ 500 మీటర్ల పరిధిలో కిటికీ మార్చాలన్నా, గోడకి రంగేయాలన్నా మేయర్ ఆఫీసులో దరఖాస్తు, దానిమీద ప్రభుత్వ ఆర్కిటెక్టు అభిప్రాయం. ప్లాస్టిక్ కిటికీ పెడతానంటే ఒప్పుకోరు, కొయ్యదే పెట్టాలి. కప్పు లోజ్ అనే పలక రాయితో వేయాలి. అది మామూలు పెంకుకంటే బాగా ఖరీదు, చాలా బరువు, వేసే పనివాళ్ళు తక్కువ, వాళ్ళ డేట్ దొరకాలంటే ఏడాది ఆగాలి. అందుకని కుర్ర జంటలు కిందున్న లోయలో కొత్త ఇల్లు కట్టుకుంటారు. పైన పాత ఇళ్ళు బయటివాళ్ళ సెలవుల ఇళ్ళవుతాయి. వేసవిలో వీధి కిటకిట, జనవరిలో వెళ్తే తలుపులన్నీ మూసి ఉంటాయి, దీపం వెలిగే కిటికీలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

1998లో యునెస్కో ఆ యాత్రాదారిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది: 71 కట్టడాలు, 7 దారి ముక్కలు. కోంక్ చర్చి, కింద దుర్దు నది మీద పాత వంతెన అందులో ఉన్నాయి. పేరొచ్చింది, జనం వచ్చారు, పార్కింగ్ సమస్య వచ్చింది. అయినా ఒంటరిగా నడపడం కష్టమై, 2016 జనవరి 1న కోంక్ పక్కనున్న మూడు కమ్యూన్లతో కలిసి కోంక్-ఆన్-రుఎర్గ్ అయింది. అన్నీ కలిపితే దాదాపు 1,600 మంది. అంటే లెక్క ప్రకారం మీరు చూసిన ఆ చిన్న ఊరు ఇప్పుడు విడిగా కమ్యూన్ కాదు. ఈ విలీనం గురించి పెద్దవాళ్ళని కదిపితే మాత్రం అరగంట కేటాయించుకోండి.

మీరు వెళ్ళాలనుకుంటే: రొదెజ్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు, కారు ఉంటే మేలు. పగటి పూట వచ్చి రెండు గంటల్లో వెళ్ళిపోవద్దు, ఒక రాత్రి ఉండండి. అక్టోబర్ 6 సాంత్ ఫ్వా పండగ, దానికి దగ్గర్లో వచ్చే ఆదివారం ఊరేగింపు ఉంటుంది. పొద్దున్నే యాత్రికుల వెనకే కిందికి దిగి, వంతెన దాటి, ఎదురు కొండ ఎక్కండి. నిటారు ఎక్కుడు, ఊపిరి ఆడదు. సగంలో చిన్న సాంత్ ఫ్వా చాపెల్ ఉంటుంది, దానికి గంట. దారిన పోయే యాత్రికులు తాడు లాగి గంట కొట్టి ముందుకు పోతారు. నేను కొట్టినప్పుడు కింద ఊళ్ళో దుకాణం ముందు ఊడుస్తున్న ఆవిడ తలెత్తి చూసి, చీపురు పైకెత్తి ఊపింది.